మా మనవరాలు ఆటలో అరటిపండు కాదు

సంపాదకులకు నమస్కారం.

నేను అనంతపురం జిల్లాలోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో 31 ఏళ్ళు వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యాను. ఊళ్ళో అందరికీ డ్రిల్లు సారును. ఇప్పుడు బెంగళూరు రామమూర్తినగర్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. మనవరాలిని పొద్దున బడిలో దింపడం, సాయంత్రం తీసుకురావడం నా పని. నాలుగో తరగతి చదువుతోంది. సెరిబ్రల్ పాల్సీ అనే మెదడుకు సంబంధించిన సమస్య వల్ల కాళ్ళు బిగుసుకుపోయి ఉంటాయి, వాకర్ పట్టుకుని నడుస్తుంది. మాటకు, తెలివికి ఏ లోటూ లేదు. ఇంట్లో తెలుగు, క్లాసులో ఇంగ్లీషు, వీధిలో కన్నడం గలగలా మాట్లాడుతుంది.

బడివాళ్ళు మంచివాళ్ళే. వేరే రెండు బడులు పొమ్మన్నాక వీళ్ళు సీటిచ్చారు. ర్యాంపు కట్టించారు. పిల్ల కోసం క్లాసునే కింది అంతస్తుకు మార్చారు. పరీక్షల్లో అదనపు సమయం ఇస్తున్నారు. అందుకే మాకు ఇంకేమీ అడగాలని తోచలేదు. మొన్న జూన్‌లో ఒకరోజు ఫిజియోథెరపీకి తీసుకెళ్ళాలని మధ్యాహ్నమే బడికి వెళ్ళాను. గేమ్స్ పీరియడ్ నడుస్తోంది. క్లాసంతా గ్రౌండులో ఉంది, మా పిల్ల లేదు. అడిగితే ఆయా సిక్ రూముకు తీసుకెళ్ళింది. మంచం మీద కూర్చుని బొమ్మలకు రంగులు వేసుకుంటోంది. జ్వరం లేదు, నొప్పి లేదు. వారానికి రెండు గేమ్స్ పీరియడ్లు, రెండూ అక్కడేనట. ఒకటో తరగతి నుంచీ అంతేనట. "గ్రౌండులో ఎవరైనా తోసేస్తే పడిపోతాను కదా తాతయ్యా, అందుకని" అని నాకే సర్దిచెప్పింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బడి మీద కోపం వల్ల కాదు. నేనూ అదే చేశాను కనుక.

నేను ఉద్యోగంలో చేరిన కాలంలో ఏ బడిలో చూసినా పోలియో వచ్చిన పిల్లలు కొందరు ఉండేవాళ్ళు. డ్రిల్లు పీరియడ్‌లో వాళ్ళను వేపచెట్టు కింద కూర్చోబెట్టి మిగతావాళ్ళ చెప్పులకు కాపలా పెట్టేవాడిని. ఎండలో వాళ్ళెందుకు కష్టపడాలి అనుకునేవాడిని. దాన్ని దయ అనుకున్నాను. ఒక పిల్లవాడు ఆరు నుంచి పది దాకా నా దగ్గరే చదివాడు. ఐదేళ్ళూ చెప్పుల దగ్గరే కూర్చున్నాడు. కబడ్డీ జరుగుతుంటే ఏ జట్టుకు ఎన్ని పాయింట్లో నాకంటే ముందు చెప్పేవాడు. వాడి చేతికి విజిల్ ఇచ్చి గీత దగ్గర కూర్చోబెడదామని ఐదేళ్ళలో ఒక్కరోజు కూడా నాకు తట్టలేదు. వాడి ఇంటిపేరుతో సహా నాకు గుర్తుంది. ఇప్పుడు ఎక్కడున్నాడో తెలియదు.

మన ఊళ్ళల్లో మరీ చిన్నపిల్లలు ఆటలోకి వస్తామని ఏడిస్తే "సరే, నువ్వు ఆటలో అరటిపండు" అని చేర్చుకుంటారు. వాడు అందరితో పరుగెత్తుతాడు, కానీ ముట్టుకున్నా అవుట్ కాడు, దొంగ వంతు వాడికి రాదు. నాలుగేళ్ళ పిల్లవాడికి అది ముద్దుగానే ఉంటుంది, ఏడాది రెండేళ్ళలో వాడు అసలు ఆటలోకి వచ్చేస్తాడు కూడా. వైకల్యం ఉన్న పిల్లలను మాత్రం మన బడులు పదో తరగతి దాకా అరటిపండుగానే ఉంచేస్తున్నాయి. హాజరు పట్టీలో పేరుంటుంది, గ్రూప్ ఫోటోలో ముందు వరసలో కుర్చీ ఉంటుంది. ఎవరూ ఓడించరు, ఎవరూ పోట్లాడరు, ఎవరూ పుట్టినరోజుకు పిలవరు.

మా వీధి పిల్లలను చూశాకే ఈ తేడా నాకు తెలిసొచ్చింది. కన్నడ, తమిళ, తెలుగు, హిందీ ఇళ్ళ పిల్లలు ఓ పదిమంది సాయంత్రం పూట చేరతారు. మొదట్లో మా పిల్ల గేటు లోపల నిలబడి చూస్తూ ఉండేది. ఒకరోజు ఎదురింటి అబ్బాయి "బా, ఆడోణ" (రా, ఆడుకుందాం) అని పిలిచాడు. ఆ తర్వాత నియమాలన్నీ వాళ్ళే పెట్టుకున్నారు. క్రికెట్‌లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని బ్యాటింగ్ చేస్తుంది, పరుగులకు వేరేవాళ్ళు రన్నర్‌గా ఉంటారు. దాగుడుమూతల్లో తాను దొంగైతే అందరూ రెండు ఇళ్ళ లోపలే దాక్కోవాలి. ఒక సాయంత్రం మొదటి బంతికే బౌల్డ్ అయింది. "ఇంకో బంతి వేయండి" అని బతిమాలితే ఒక్కరూ ఒప్పుకోలేదు. ఏడ్చుకుంటూ ఇంటికి వచ్చింది. మా అమ్మాయి కంగారుపడింది. నాకు మాత్రం కడుపు నిండినట్టయింది. ఆ పిల్లలు ఆమెను ఆటలోకి నిజంగా తీసుకున్నారు.

ఎవరూ నేర్పకుండా పదేళ్ళ పిల్లలు చేసిన ఈ పని, శిక్షణ పొందిన మాబోటి వాళ్ళం ఎందుకు చేయలేకపోయాం? పడితే ఎవరు జవాబు చెప్పాలన్న భయమే మొదటి కారణం. అది ఉత్తి సాకు కాదు. నలభై మంది పిల్లలకు ఒక్క మాస్టారు ఉన్నప్పుడు ఆ భయం ఎలా ఉంటుందో నాకు తెలుసు. రెండోది, మాకు ఎవరూ చెప్పకపోవడం. నా శిక్షణలో ఖోఖో కోర్టు కొలతలన్నీ నేర్పారు. కుర్చీలోంచి లేవలేని పిల్లవాడితో ఏం ఆడించాలో ఒక్క పూట చెప్పలేదు. అలాంటి ఆటలు లేక కాదు. నేల మీద కూర్చుని ఆడే వాలీబాల్ 1980 నుంచి పారాలింపిక్స్‌లో ఉంది. నెట్టును మీటరు కంటే కాస్త ఎత్తులో కడితే చాలు. నడవగలిగిన పిల్లలు కూడా కూర్చునే ఆడాలి కాబట్టి అక్కడ అందరూ ఒకటే. సెరిబ్రల్ పాల్సీ ఉన్నవాళ్ళ కోసమే మొదలైన బోచా 1984 నుంచి ఉంది. మెత్తని బంతిని తెల్లబంతికి ఎంత దగ్గరగా వేయగలరన్నదే ఆట. మన ఏడుపెంకులాటలో బంతి విసరడానికి కాళ్ళతో పనేముంది? 2024 పారిస్ పారాలింపిక్స్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ళ 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చిన దీప్తి జీవంజి మన వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి. ఆమెనూ గేమ్స్ పీరియడ్‌లో ఏ గదిలోనో కూర్చోబెట్టి ఉంటే ఆ పరుగు ఎవరి కంటా పడేది కాదు.

వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. ప్రభుత్వం నిధులిచ్చే, గుర్తింపునిచ్చే విద్యాసంస్థలు చదువుతోపాటు ఆటల్లో, వినోద కార్యక్రమాల్లో ఇతరులతో సమానంగా అవకాశం ఇవ్వాలని అందులోని 16వ సెక్షన్ చెబుతోంది. పిల్లల సామాజిక ఎదుగుదలకు కావలసిన సాయం కూడా అందులోనే ఉంది. అంటే గేమ్స్ పీరియడ్ బడి దయతో ఇచ్చేది కాదు. విహారయాత్రకు "తల్లిదండ్రుల్లో ఒకరు వెంట వస్తేనే" అని మాకు వచ్చిన చీటీ కూడా ఈ చట్టం ముందు నిలవదని నా నమ్మకం. ఆ రోజు మా అమ్మాయికి సెలవు దొరకలేదు, పిల్ల ఇంట్లోనే ఉండిపోయింది.

షాడో టీచర్ గురించి కూడా చెప్పాలి. చాలా ప్రైవేటు బడులు ఇప్పుడు క్లాసులో పిల్ల పక్కనే ఉండి సాయం చేసే ఒక మనిషిని తల్లిదండ్రులే జీతమిచ్చి పెట్టుకోమంటున్నాయి. రెండేళ్ళు మేమూ పెట్టాం. ఆమె మంచి మనిషి, పిల్లను కంటికి రెప్పలా చూసుకుంది. కానీ పక్కన ఎప్పుడూ ఒక పెద్దావిడ కూర్చుని ఉంటే తోటి పిల్లలు గుసగుసలు చెప్పుకోవడానికి దగ్గరికి వస్తారా? పెన్సిల్ కింద పడితే ఆవిడే తీసిచ్చేది, టిఫిన్ డబ్బా మూత ఆవిడే తీసేది. స్నేహాలు మొదలయ్యేది ఆ చిన్న చిన్న పనుల దగ్గరే. సాయం చేసేవాళ్ళు అవసరమైనప్పుడు ముందుకు వచ్చి, మిగతా సమయం నాలుగడుగులు వెనక ఉండాలి. ఆ విద్య తెలిసినవాళ్ళు స్పెషల్ ఎడ్యుకేటర్లు. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ప్రాథమిక స్థాయిలో 10 మందికి ఒకరు, ఆపై తరగతుల్లో 15 మందికి ఒకరు చొప్పున వాళ్ళు ఉండాలని సుప్రీంకోర్టు 2021లోనే చెప్పింది. మా బడిలో ఒక్కరూ లేరు.

ఇది ఈ నగరానికి కొత్త పాఠమేమీ కాదు. మాకు కాస్త దూరంలోని లింగరాజపురంలో ఉన్న అసోసియేషన్ ఆఫ్ పీపుల్ విత్ డిజెబిలిటీ అనే సంస్థను పోలియో వచ్చిన ఎన్.ఎస్. హేమ గారు 1959లోనే మొదలుపెట్టారు. వాళ్ళ బడిలో వైకల్యం ఉన్న పిల్లలు, లేని పిల్లలు కలిసి చదువుతారు. పేరున్న ప్రైవేటు బడుల పీఈటీలు, ప్రిన్సిపాళ్ళు అలాంటి చోట ఒక రోజంతా కూర్చుని చూసిరావాలి. విద్యాశాఖ బడుల తనిఖీకి వచ్చినప్పుడు ర్యాంపు ఉందా, బాత్రూములో పట్టుకునే కడ్డీ ఉందా అని చూస్తుంది. గేమ్స్ పీరియడ్‌లో ఆ పిల్ల ఎక్కడుందో కూడా చూడాలి. మధ్యాహ్నం ఎవరి పక్కన కూర్చుని తింటుందో చూడాలి.

నేను మా పిల్ల బడికి వెళ్ళి ప్రిన్సిపాల్ గారితో మాట్లాడాను. నెట్టు, బంతులు నేనే కొనిస్తానని, వారానికి రెండు పూటలు వచ్చి పీఈటీ అబ్బాయికి సాయపడతానని చెప్పాను. ఆలోచిస్తామన్నారు. రామమూర్తినగర్, కె.ఆర్.పురం, బాణసవాడి వైపు ఏ బడివాళ్ళు పిలిచినా వస్తాను, నాకు పైసా అక్కర్లేదు.

డిసెంబరులో బడిలో స్పోర్ట్స్ డే ఉంది. పోటీలకు పేర్లు రాసుకునే కాగితం ఈ వారం క్లాసుల్లో తిప్పుతున్నారట. తన పేరు ఏ ఆటకు రాయాలని మా మనవరాలు మూడు రోజులుగా నన్ను అడుగుతోంది. బంతి విసరడం అని చెప్పాను. రోజూ సాయంత్రం గేటు ముందు ఇద్దరం సాధన చేస్తున్నాం.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు,
రామమూర్తినగర్, బెంగళూరు