సంక్రాంతికి పెద్దవాళ్ళకు ఏం తేవాలంటే

చిరంజీవి చిట్టితల్లికి అమ్మ ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం.

పండుగకు వచ్చేటప్పుడు పెద్దవాళ్ళకు ఏమి తేవాలని అడిగావు. ఉద్యోగంలో చేరి ఏడాదైనా కాలేదు, జీతంలో సగం అద్దెకే పోతోందంటున్నావు. అప్పు చేసి మాత్రం ఏదీ కొనవద్దు. నిరుడు నువ్వు పంపిన పట్టుచీరను నాయనమ్మ కళ్ళకద్దుకొని బీరువాలో పెట్టారు, ఇప్పటికీ మడత విప్పలేదు. ఆవిడ రోజూ కట్టుకునేది వాడివాడి మెత్తబడిన నేతచీరలే, ఎందుకంటే కొత్తచీరలోని గంజి ఆ పలచబడిన చర్మానికి గుచ్చుకుంటుంది. అందుచేత సన్న అంచున్న మంగళగిరి నూలుచీర ఒకటి తీసుకొని, అక్కడే రెండు మూడుసార్లు జాడించి, గంజంతా వదిలాక నీడన ఆరబెట్టి తీసుకురా. ఉతికిన చీర పెట్టడమేమిటని సందేహించకు, కొంగుకు పసుపు రాసి చేతికిస్తే అది కొత్తచీరే.

తాతయ్యగారు ఈ మధ్య పుస్తకం పట్టుకోవడం తగ్గించారు. ఆసక్తి పోయిందేమోనని నేను బాధపడ్డాను, కాని ఎండ పడే కిటికీ దగ్గర కూర్చోబెడితే గంటసేపు చదివారు. వయసు మీరినకొద్దీ కంటిపాప చిన్నదై, లోపలి కటకం పసుపుబారి, కంటిలోకి వెళ్ళే వెలుతురే తగ్గిపోతుంది; మన కళ్ళకు సరిపోయే దీపం ఆయనకు చాలదు. పడకకుర్చీ పక్కన పెట్టుకోవడానికి, మెడ వంచుకునే వీలున్న బల్లదీపం, మీట పెద్దగా ఉన్నది చూడు. గీతాప్రెస్ వారి తెలుగు పుస్తకాలు చవకగా దొరుకుతాయి, వాటిలో పెద్ద అక్షరాలున్న పుస్తకం ఒకటి ఎంచు.

మీ మేనత్తకు చక్కెర వ్యాధి, మిఠాయిలు తేవద్దు. ఆవిడ పెట్టెలో చెదలు తగిలిన పెళ్ళి ఫొటో ఉంది. దానిని స్టూడియోలో బాగుచేయించి, పెద్దది చేయించి, పండుగ మూడురోజుల్లో ఒక పూట ఆవిడ పక్కన కూర్చొని, అందులో ఎవరెవరున్నారో అడిగి, వెనుక పెన్సిల్‌తో పేర్లు రాసిపెట్టు. ఆ పేర్లన్నీ తెలిసినవారు ఇప్పుడు ఆవిడ ఒక్కరే.

ఇంకొకటి. తిరిగి వెళ్ళాక నెలకొకసారి తాతయ్యగారికి కార్డు రాయి, పోస్టుకార్డు 50 పైసలే. ఫోనులో నీ మాట ఆయనకు సగం వినబడదు, వినబడిందని తలూపుతారు. కార్డయితే ఎన్నిసార్లయినా చదువుకుంటారు. అక్షరాలు పెద్దవిగా, నల్లసిరాతో రాయి. నాలుగు వాక్యాలైనా చాలు.

ఆశీస్సులతో,
అమ్మ