మోకీలు ఆపరేషన్ ధర: ఆరోగ్య శాఖ మంత్రికి బహిరంగ లేఖ

తెలంగాణ ఆరోగ్య శాఖ మంత్రిగారికి నమస్కారం.

అమ్మకు మోకీలు మార్పిడి కోసం హైదరాబాదులో రెండు ఆసుపత్రులను అడిగాం. ఒకచోట చెప్పినదానికి రెండోచోట దాదాపు రెట్టింపు చెప్పారు. కృత్రిమ కీలు ధరకు కేంద్రం 2017లోనే గరిష్ఠ పరిమితి పెట్టింది కదా, మరి ఇంత తేడా ఎక్కడిది? అంచనా కాగితం పద్దు పద్దుగా చూస్తే తెలిసింది, తేడాకు ఒక కారణం గది అని. ఒకే ఆసుపత్రిలో షేరింగ్ గది వదిలి ప్రత్యేక గది తీసుకుంటే అద్దెతో పాటు సర్జన్ ఫీజు, థియేటర్ ఛార్జీ, మత్తు డాక్టరు ఫీజు కూడా పెరుగుతున్నాయి. అదే డాక్టరు, అదే థియేటర్, అదే ఆపరేషన్! ఇదెక్కడి న్యాయం?

మంచి నర్సులకు, ఐసీయూకు ఖర్చవుతుంది, కాదనం. ఆ లెక్క ముందే చెప్పమంటున్నాం. రేట్లను స్థానిక భాషలోనూ ప్రదర్శించాలని ఆసుపత్రులకు వర్తించే క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కింద 2012లో వచ్చిన కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. ప్రతి ఆసుపత్రిలో తెలుగు పట్టిక పెట్టించండి. ఆపరేషన్‌కు మొత్తంగా చెప్పే ప్యాకేజీ ధరలో ఏవి చేరవో రాతపూర్వకంగా ఇప్పించండి.

ఇట్లు,
ఒక రోగి కూతురు