టార్చి లైటు కదలట్లేదని లేచొచ్చిన పెద్దాయనకి

నమస్కారం. ఈ పోస్టు ఎవరి కోసం రాస్తున్నానో ఆయనకి వాట్సాప్ కూడా లేదు. బటన్ల ఫోనొకటి ఉంది, దానికి సిగ్నల్ కావాలంటే గుట్టెక్కాలి. నర్సీపట్నంలో డిగ్రీ చదువుతున్న వాళ్ళబ్బాయి, వచ్చే ఆదివారం ఇంటికెళ్ళి చదివి వినిపిస్తానన్నాడు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. "ఒక్కడివే అడవిలో పడుకోవడమేంట్రా, పిచ్చా" అని ఫోన్లు చేసిన బంధువులు, స్నేహితులు కూడా చదువుకోవచ్చు. అవును, కాస్త పిచ్చే.

డిసెంబరులో ఒక శనివారం విశాఖ నుంచి బండి మీద బయల్దేరి నర్సీపట్నం, అక్కణ్ణుంచి ఘాట్ ఎక్కి లంబసింగి చేరాను. సీజన్లో అక్కడ శనివారం రాత్రి ఎలా ఉంటుందో తెలిసిందే. రోడ్డు పక్కన వరసగా అద్దె టెంట్లు, స్పీకర్లు, బొంగు చికెన్ పొగ, తెల్లారితే మంచు చూడ్డానికి కార్ల బారులు. నాకది వద్దు. చప్పుడు లేనిచోట ఒక్క రాత్రి ఒంటరిగా పడుకోవాలని ఎన్నాళ్ళనుంచో కోరిక. తాజంగి వైపు పోతూ ఒక పక్కదారి పట్టాను. రోడ్డు అయిపోయినచోట బండి ఆపి, ఒక కిలోమీటరు నడిస్తే చిన్న గూడెం. పేరు రాయను. రాస్తే వచ్చే శనివారానికి అక్కడ యాభై బళ్ళుంటాయి.

గూడెం కింద కాఫీ తోట. పైన ఎత్తుగా సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని చుట్టుకుని మిరియాల తీగలు, నీడలో కాఫీ మొక్కలు, ఇంకా దిగువన గెడ్డ, అంటే చిన్న వాగు. రెండ్రోజుల కిందటి ముసురుకి నేలంతా మెత్తగా, కాలు పెడితే నీళ్ళూరేలా ఉంది. రిజర్వు ఫారెస్టులో అనుమతి లేకుండా టెంటు వెయ్యకూడదు కాబట్టి, తోట ఎవరిదని అడిగితే ఆ పెద్దాయనని చూపించారు.

"ఇక్కడెందుకు బాబూ, ఇంట్లో మంచముంది, పడుకోండి" అన్నారాయన.

"పర్లేదండీ, నా దగ్గర అన్నీ ఉన్నాయి" అన్నాను.

ఆయన నా "అన్నీ" వంక ఒకసారి చూశారు. ఆన్‌లైన్లో చవగ్గా కొన్న టెంటు, ఒక స్లీపింగ్ బ్యాగు, ఇంట్లో భార్య యోగా చేసుకునే చాప. ఏమీ అనలేదు. గెడ్డ పక్కన వద్దు, పైకి రమ్మని మాత్రం చెప్పారు. నీళ్ళు దగ్గరగా ఉంటాయని నేనక్కడే వేశాను. వెళ్ళబోతూ ఆయన ఒక మాటన్నారు: "లంబసింగి పాత పేరు తెలుసా బాబూ? కొర్రబయలు. బయట పడుకుంటే తెల్లారేసరికి మనిషి కొర్రలా బిగుసుకుపోతాడని." కొర్రంటే కర్ర. నాకు భలే నచ్చింది. మర్నాడు ఫోటో కింద పెట్టుకోవచ్చని ఫోన్లో రాసుకున్నాను కూడా.

ఎనిమిదింటికి ఆకాశం నిండా చుక్కలు. తొమ్మిదిన్నర తర్వాత గెడ్డలోంచి మంచు లేచింది. కాసేపటికి టెంటు మీద టపటపమని చప్పుడు. వాననుకుని బయటికి తల పెట్టాను. వాన కాదు. సిల్వర్ ఓక్ ఆకులు చీలికలు చీలికలుగా, దువ్వెన పళ్ళలా ఉంటాయి కదా, వాటికి మంచు పట్టి, బొట్లు కట్టి రాలుతోంది. చెట్లు లేనిచోట నేల మీద ఒక్క చుక్క పడట్లేదు. చెట్ల కింద మాత్రం తెల్లవార్లూ వానే. చల్లగాలి బరువెక్కి పల్లానికి దిగుతుందనీ, గెడ్డ ఒడ్డంటే ఆ చలికి గిన్నె అడుగులాంటిదనీ నాకప్పటికి తెలీదు. పెద్దాయనకి తెలుసు. అందుకే పైకి రమ్మన్నారు.

కట్టెలు తడి. లైటర్లో గ్యాస్ సగం అవగొట్టినా పొగ తప్ప మంట రాలేదు. గెడ్డ దాటేటప్పుడు జీన్స్ మోకాళ్ళదాకా తడిశాయి. మార్చుకోకుండా వాటితోనే బ్యాగులో దూరాను, ఒంటి వేడికి ఆరిపోతాయని. చలేస్తోందని టెంటుకున్న గాలి సందులన్నీ మూసేశాను. దాంతో నా ఊపిరే లోపలి గుడ్డకి నీళ్ళై పట్టి, కదిలినప్పుడల్లా మొహం మీద కారింది. అర్ధరాత్రికి బ్యాగు అడుగుభాగం పిండితే నీళ్ళొచ్చేలా ఉంది. వణుకు ఎంతలా అంటే పళ్ళు కొట్టుకుని నాలుక కరుచుకున్నాను. పైకి పోదామని టెంటు జిప్పు లాగబోతే వేళ్ళు మడతపడలేదు, ఆ చిన్న లోహపు నాలికని పట్టుకోవడం రాలేదు. పళ్ళతో లాగాను, సగంలో గుడ్డ ఇరుక్కుంది. ఫోను వేలిముద్ర తీసుకోలేదు. పాస్‌వర్డ్ మూడుసార్లు తప్పు కొట్టాను. సిగ్నలే లేదన్న సంగతి గుర్తులేదు. చిన్న గ్యాస్ స్టవ్ టెంటులోనే వెలిగిద్దామనుకున్నాను. లైటర్ చక్రం తిప్పడానికి బొటనవేలికి బలం లేకపోయింది. మూసిన టెంటులో అది వెలిగుంటే విషవాయువుతో నిద్రలోనే పోయేవాడివని తర్వాత డాక్టరుగారన్నారు.

ఆ తర్వాత వణుకు తగ్గింది. హమ్మయ్య, చలి తగ్గిందనుకున్నాను. అక్కణ్ణుంచి నాకు సరిగ్గా గుర్తులేదు. పెద్దాయనా వాళ్ళబ్బాయీ చెప్పిందే రాస్తున్నాను.

వాళ్ళ కళ్ళంలో కాఫీ గింజలు ఆరబోసి ఉన్నాయి. రాత్రి మంచు పడితే పాడవుతాయని పట్టా కప్పుతారు. ఆ పట్టా సరిగ్గా ఉందో లేదో చూడ్డానికి ఆయన రాత్రి ఒకసారి లేస్తారు. ఒంటిగంటకి లేచినప్పుడు కింద నా టెంటులో లైటు కనపడిందట. పడుకోలేదు కాబోలనుకున్నారు. ఇంట్లోకెళ్ళి నడుం వాల్చారు గానీ నిద్ర పట్టలేదట. మళ్ళీ లేచి చూస్తే లైటు అదే చోట, అదే పక్కకి. "మెలకువగా ఉన్నోడి లైటు కదులుద్ది కదా, పడుకున్నోడు ఆర్పుకుంటాడు కదా" అని ఆయన లెక్క. ఎంత చిన్న లెక్కో చూడండి. సాయంత్రం ఆయన మాట కాదన్నవాణ్ణి. ఊరూ పేరూ తెలీనివాణ్ణి. నా మానాన నన్ను వదిలేసి పడుకున్నా ఆయన్ని ఎవరూ తప్పు పట్టరు.

"ఏటి బాబూ, పలకరేటి?" అని టెంటు బయటనుంచి నాలుగైదు సార్లు పిలిచారట. నేను లోపల్నుంచి "ఆఫీసుకి టైమైందా?" అన్నానట. ఈ ముక్క ఇప్పుడు ఆ గూడెంలో పిల్లలందరికీ వచ్చు.

కత్తితో టెంటు కోసి బయటికి లాగారు. నడిపించకుండా, దుప్పటిని వెదురుకర్రకి కట్టి డోలీ చేసి, ఇద్దరు మోశారు. నేను 74 కిలోలు. తడి మట్టిలో, చీకట్లో, ఎగువకి. నిండు నెలల ఆడవాళ్ళని రోడ్డుదాకా మోసుకెళ్ళిన భుజాలవి. వాళ్ళకి ఆ పని చేతనవ్వడం వెనక ఏముందో ఆలోచిస్తే, సరదాకి పోయి ఆ డోలీ ఎక్కినందుకు సిగ్గుగానే ఉంది.

పెద్దాయన ఇంట్లో అమ్మ నా తడిబట్టలన్నీ తీయించి, పొడి పంచె చుట్టించి, రెండు గొంగళ్ళు కప్పారు. పొయ్యికి మరీ దగ్గర కాకుండా గోడవార పడుకోబెట్టారు. నా స్టీలు సీసాలోనే వేణ్ణీళ్ళు పోసి, తువ్వాల్లో చుట్టి గుండెలకి ఆనించారు. పక్కింటాయన మంచి మనసుతో ఒక సీసా పట్టుకొచ్చారట, రెండు గుక్కలు తాగితే వేడెక్కుతాడని. "ఇప్పుడు సారా ఏటి, బుద్ధుందేటి" అని అమ్మ ఆయన్ని గుమ్మంలోనే తిప్పి పంపించారు. ఎవరో పాదాలు రుద్దబోతే వద్దన్నారు. మాట తిన్నగా వచ్చాక, మింగగలుగుతున్నానని చూసుకుని అప్పుడు బెల్లం కాఫీ కొంచెం కొంచెంగా పట్టించారు. ఆ గ్లాసు అంచు వేడి పెదవికి తగలడం దగ్గర్నుంచి నాకు అన్నీ గుర్తున్నాయి. మళ్ళీ వణుకు మొదలైంది. "వణుకుతున్నాడు, ఇంక పర్లేదు" అన్నారమ్మ. నాకేమో భయమేసింది. ఒళ్ళు మళ్ళీ వేడి పుట్టించుకోవడం మొదలెట్టిందన్నమాట, అది మంచి కబురని డాక్టరుగారు చెప్పేదాకా తెలీదు.

పొద్దున చోడి (రాగి) అంబలి తాగించి, వాళ్ళబ్బాయి నా బండి మీదే నన్ను చింతపల్లి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. డ్యూటీ డాక్టరుగారు మొత్తం విని, "మందు పొయ్యకపోవడం, కాళ్ళూచేతులూ రుద్దకపోవడం, నడిపించకపోవడం, మూడూ కరెక్టుగా చేశారు. మందు తాగితే వెచ్చగా అనిపిస్తుంది గానీ ఒంట్లో వేడి ఇంకా త్వరగా పోతుంది" అన్నారు. ఆయనకీ, ఆ నర్సమ్మగారికీ ధన్యవాదాలు. నర్సీపట్నం బస్సులో ఇంజన్ పక్క సీటు ఖాళీ చేయించి కూర్చోబెట్టిన కండక్టరుగారికి కూడా. అంత హాయైన సీటు నా జన్మలో ఎరగను. నా బండిని వారం తర్వాత దింపుకొచ్చిన ఆఫీసు మిత్రులిద్దరికీ పార్టీ బాకీ ఉన్నాను, మర్చిపోలేదు.

ఒక మాట చెప్పాలి. ఇది విన్న ఒకరిద్దరు "పాపం, అమాయకులండీ, కల్మషం లేని మనుషులు" అన్నారు. నాకు నచ్చలేదు. మంచి మనుషులే, కాదనను. కానీ ఆ రాత్రి నన్ను బతికించింది అమాయకత్వం కాదు, తెలివి. గాలి ఎటు దిగుతుందో, ఏ కట్టె అంటుకుంటుందో, చలికి బిగుసుకున్న మనిషికి ఏది ముందు చెయ్యాలో, ఏది చెయ్యకూడదో తెలిసిన తెలివి. అమాయకుణ్ణి నేను. పైగా టెంటు మీద వాటర్‌ప్రూఫ్ అని రాసుంటే నమ్మినవాణ్ణి.

బయల్దేరేటప్పుడు డబ్బులివ్వబోతే పెద్దాయన చేతులు వెనక్కి పెట్టుకున్నారు. అమ్మయితే కోప్పడ్డారు. వాళ్ళబ్బాయిని బతిమాలితే చివరికి నోరు విప్పాడు, కళ్ళంలో కప్పే పట్టా రెండుచోట్ల చిరిగిందని. మొన్న మందమైనది ఒకటి కొని చింతపల్లి బస్సులో పంపాను. షాపులోనే బకెట్ నీళ్ళు పోయించి చూసి మరీ కొన్నాను. అందిందనీ, బాగుందనీ ఫోను చేయించారు.

కోసేసిన నా టెంటుని అమ్మ కుట్టి కోళ్ళగూటి మీద కప్పారట. మంచుకి లోపలికి నీళ్ళు కారుతున్నాయట, కోళ్ళు అందులో ఉండనంటున్నాయట.