పాత సోలార్‌కు కొత్త ప్యానెళ్లు కలిపే పని గురించి మా వినియోగదారులకు మనవి

రాజమహేంద్రవరంలోను, చుట్టుపక్కల గ్రామాల్లోను మా చేత డాబాపై సోలార్ పెట్టించుకున్న వారందరికీ నమస్కారం. ఇంట్లోకి రెండో ఏసీయో, బ్యాటరీ స్కూటరో వచ్చాక పాత రెండు, మూడు కిలోవాట్లు చాలడం లేదని, ఇంకొన్ని ప్యానెళ్లు కలపమని మీలో చాలామంది అడుగుతున్నారు. రెండు నెలలుగా మేము ఆ పనులు ఒప్పుకోవడం లేదు. కారణం చెప్పకుండా మిమ్మల్ని తిప్పుకోవడం ధర్మం కాదు కనుక ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

మా వాడుకదారుల్లో ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు ఉన్నారు. ఆవిడ డాబాపై 335 వాట్ల ప్యానెళ్లు ఆరు ఉండేవి. వేసవి రాకముందే పని అయిపోవాలన్న తొందరలో, వాటి వరుసలోనే, అంటే ఒకదాని వైరు ఇంకోదానికి తగిలించే గొలుసులోనే, 540 వాట్లవి నాలుగు కలిపి, ఇన్వర్టర్ (ప్యానెళ్ల కరెంటును ఇంట్లో వాడుకునే కరెంటుగా మార్చే పెట్టె) కూడా పెద్దది మార్చాను. ఆవిడ రోజూ సాయంత్రం రీడింగు చూసి, గోడ క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలోనే ఎర్ర సిరాతో రాసుకుంటారు. నెల తిరిగాక నన్ను పిలిచి ఆ క్యాలెండర్ చూపించారు. మంచి ఎండ కాసిన రోజు కూడా 16 యూనిట్లు రావలసిన చోట 14 దాటలేదు. "నాలుగు పెట్టావు బాబూ, మూడింటి కరెంటే వస్తోంది" అన్నారు. ఆవిడ లెక్క అక్షరాలా నిజం.

తప్పు ప్యానెళ్లది కాదు, నాది. ఒకే వరుసలో కలిపిన ప్యానెళ్లన్నింటిలోను ఒకే కరెంటు ప్రవహించాలి. పాత 335 వాట్ల ప్యానెల్ దాదాపు 9 ఆంపియర్లు ఇస్తే, కొత్త 540 వాట్లది 13 ఆంపియర్ల దాకా ఇవ్వగలదు. కానీ పాతవాటి వెనుక నిలబడినందువల్ల అది కూడా 9 దగ్గరే ఆగిపోయి, తన సత్తువలో నాలుగో వంతు పోగొట్టుకుంటుంది. ఈ సంగతి తెలిసి కూడా తేడా స్వల్పంగానే ఉంటుందని అనుకున్నాను. రెండు వరుసలను విడివిడిగా నడిపించే ఇన్వర్టర్‌ను మా ఖర్చుతో మార్చి పెట్టాక, ఆ క్యాలెండర్ గడుల్లో 16, అప్పుడప్పుడు 17 కనిపిస్తున్నాయి. ఇదే పొరపాటు ఇంకో మూడు ఇళ్లలో చేశాము. ఆ మూడింటినీ ఈ నెలలోనే సరిచేస్తాము. వారు రూపాయి కూడా ఇవ్వనక్కరలేదు.

ఇకమీదట కొత్త ప్యానెళ్లకు వేరే వరుస, వేరే వైరింగు తప్పనిసరి. బిగించే చట్రం కూడా వేరే ఉండాలి, ఎందుకంటే కొత్త ప్యానెల్ రెండుంపావు మీటర్ల పొడవు, 28 కిలోల దాకా బరువు ఉంటుంది. పాత చట్రం రంధ్రాలకు అది సరిపోదు, ఎలాగోలా ఇరికించి బిగిస్తే మన గోదావరి తీరపు తుపాను గాలికి ఆగదు. అందువల్ల ఖర్చు పెరుగుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి ప్యానెళ్లపై జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గిన మేరకు మా ధరలోనూ తగ్గించాము గాని, ఈ అదనపు పనిని అది పూర్తిగా పూడ్చలేదు.

అంతకంటే ముఖ్యమైన మాట ఒకటి ఉంది. నెలకు 500 యూనిట్లు వాడే ఇల్లు ఒకటి అనుకుందాం. 2022లో వచ్చిన శ్లాబుల ప్రకారం వాడకం ఛార్జీ ఒక్కటే రూ.3,500 పైచిలుకు అవుతుంది. మూడు కిలోవాట్లు నెలకు సుమారు 360 యూనిట్లు ఇస్తే, మిగిలిన 140 యూనిట్లకు పడేది దాదాపు రూ.500. అంటే యూనిట్‌కు రూ.9.75, రూ.8.75 పడే పై శ్లాబులను మీ పాత ప్యానెళ్లు ఇప్పటికే తీసేశాయి, మిగిలినవన్నీ రూ.6, అంతకంటే తక్కువ పడే యూనిట్లే. ఆ రూ.500 కోసం ఇంకో రెండు కిలోవాట్లకు మా దగ్గర రూ.1,10,000 పెడితే, అది తిరిగి రావడానికి 18 ఏళ్లు దాటుతుంది. పైగా ఇళ్ల సోలార్‌కు కేంద్రం సాయమిచ్చే పీఎం సూర్యఘర్ పథకం కింద సబ్సిడీ మూడు కిలోవాట్లకు రూ.78,000 దగ్గరే ఆగిపోతుంది కనుక, ఆపై పెట్టే ప్యానెళ్లకు సాయమేమీ రాదు. వాడకం నిజంగా పెరిగిన ఇంటికైతే లెక్క వేరు. అక్కడ అదనపు యూనిట్లు మళ్లీ ఖరీదైన శ్లాబుల్లో పడతాయి కనుక విస్తరణ గిట్టుబాటవుతుంది. బిల్లులు చూశాక ఇప్పటికి ఐదుగురికి వద్దనే చెప్పాను. వ్యాపారం పోయినా, ఆ మాట చెప్పడమే నాకు సమ్మతం.

దరఖాస్తు లేకుండా గుట్టుగా రెండు ప్యానెళ్లు కలపమని అడిగేవారికి మా సమాధానం ఒక్కటే: చేయలేము. మంజూరైన లోడు, నెట్ మీటరింగ్ (మీ ప్యానెళ్లు ఇచ్చిన యూనిట్లను బిల్లులో తీసివేసే పద్ధతి) ఒప్పందంలో రాసిన సామర్థ్యం మారితే విద్యుత్ పంపిణీ సంస్థకు తెలియజేసి, అనుమతి వచ్చాకే పని మొదలుపెడతాము.

వచ్చే సోమవారం నుంచి విస్తరణ పనులు మళ్లీ ఒప్పుకుంటాము. దుకాణానికి వచ్చేటప్పుడు గడచిన 12 నెలల కరెంటు బిల్లులు, సాయంత్రం నాలుగింటికి తీసిన మీ డాబా ఫోటో ఒకటి తీసుకురండి. మెట్ల గది నీడ, నీళ్ల ట్యాంకు నీడ ఎక్కడిదాకా వస్తున్నాయో ఆ వేళకే తెలుస్తుంది.