కాటా గురించి అడిగినావు కదా

కర్నూలు
ఆదివారం రాత్రి

నాయనా,

నిన్న ఫోన్‌లో "చేపలు తూసేదానికి ఏ కాటా కొనాలమ్మా" అని నువ్వు అడగడం, నేను సగం చెప్పేలోపే లైను తెగిపోవడం, మూడుసార్లు ఇదే కథ అయింది. శింగనమల చెరువు కట్ట దిగితే సిగ్నల్ ఉండదంటివి కదా, అందుకే రాస్తున్నా. రేపు పొద్దున అనంతపురం బస్సులో నీకు సంచి వస్తుంది, ఈ కాగితం అందులోనే ఉంటుంది. ఏడో తరగతి అక్షరాలు, నవ్వొద్దు.

నీకెప్పుడూ చెప్పని సంగతి ఒకటి ముందు చెప్పాల. నువ్వు ఇంటర్‌లో ఉన్నప్పుడు మన దగ్గర ఒక స్ప్రింగు కాటా ఉండేది, గడియారం మాదిరి గుండ్రంగా, గుర్తుందా? ఒకరోజు మన పాత గిరాకీ, రిటైరైన టీచరు సారు, రెండు కిలోల బొచ్చె చేప తీసుకుపోయి గంటకు తిరిగొచ్చినాడు. గొడవేం చెయ్యలేదు. "అమ్మా, ఇంట్లో తూస్తే కిలో ఎనిమిదొందల యాభై వచ్చింది, నీ కాటా ఒకసారి చూసుకో" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ముల్లు సున్నా మీద ఉండేది చూపించినా. ఆయన మాట్లాడలేదు. పంతానికి పోయి పక్క కిరాణా అంగట్లో రెండు కిలోల తూకం రాయి అడిగి తెచ్చి కొక్కానికి తగిలించినా. ముల్లు రెండు కిలోల నూటయాభై దాటి నిలబడింది.

కాటాలు రిపేరు చేసే ఆయన విప్పి చూపించినాడు. చేపల నీళ్లు కారీ కారీ స్ప్రింగు తుప్పు పట్టింది. తీగ సన్నబడితే అదే బరువుకు ఎక్కువ సాగుతుందంట. పొద్దున్నే మర తిప్పి ముల్లును సున్నాకు తెచ్చుకుంటుంటి చూడు, ఆ అలవాటే తప్పును దాచిపెట్టింది. కిలోకు డెబ్బై గ్రాములు పైనే. ఎన్ని నెలలు, ఎంతమందికి తక్కువ పోయిందో లెక్క కట్టడానికి కూడా ధైర్యం చాలలేదు. సారుకు రెండు ముక్కలు ఇవ్వబోతే తీసుకోలేదు. మీ నాయనకు కూడా వారం దాకా చెప్పలేదు నేను.

కాబట్టి అంగడోడు స్విచ్చి నొక్కి "సున్నా చూడన్నా, ఎంత కరెక్టుగా వచ్చిందో" అంటే నమ్మొద్దు. సున్నా ఏ కాటాకైనా వస్తుంది. అట్లనే "ఇది అయిదు గ్రాములు కూడా చూపిస్తది" అనే మాట ఒకటి ఉంది. చూపించడం వేరు, సరిగ్గా చూపించడం వేరు. అయిదు గ్రాముల లెక్కన అంకె మారుతూనే వంద గ్రాములు తప్పు చెప్పే కాటాలను నా కళ్లతో చూసినా.

నీకు కావాల్సింది కొక్కెం ఉండే డిజిటల్ కాటా, 50 కిలోలది. వల సంచిలో నువ్వు ఒక తడవకు తూసేది పది, ఇరవై కిలోలే కదా, ఇంకా పెద్దది తీసుకుంటే గ్రాముల దగ్గర మొద్దుబారిపోతుంది. కాటా మీద చిన్న రేకు అంటించి ఉంటుంది. దాని మీద మ్యాక్స్, మిన్, ఇ అని మూడు అంకెలు, తయారు చేసినోళ్ల పేరు, మోడల్ అప్రూవల్ నంబరు (ఆ రకం కాటాను సర్కారు ఒప్పుకుందనే గుర్తు) ఉన్నాయా చూడు. మ్యాక్స్ అంటే తూయగలిగే ఎక్కువ బరువు, మిన్ అంటే తక్కువ బరువు. ఇ అంటే లెక్కకు పనికొచ్చే అతి చిన్న మెట్టు. అది 10 గ్రాములైతే మన రకం కాటాకు మిన్ 200 గ్రాములు ఉంటుంది. అంతకంటే తక్కువ బరువు దాంతో తూస్తే నమ్మకం లేదు. జిలేబి (తిలాపియా) చేప పిల్లలు ఎంత పెరిగినాయో చూడాలంటే ఒక్కొక్కటి తగిలించొద్దు, ఇరవై కలిపి తూసి భాగించుకో.

ఆన్‌లైన్‌లో రెండు మూడొందలకు వచ్చేవి సూట్‌కేసులు తూసుకోవడానికి. వాటికి సర్కారు ముద్ర ఉండదు. అమ్మేచోట ముద్ర లేని కాటా పెడితే తూనికలు కొలతల శాఖ వాళ్లు కేసు రాస్తారు, 2009 చట్టం అదే చెప్తుంది. ఎలక్ట్రానిక్ కాటాకు ఏడాదికోసారి మళ్లీ ముద్ర వేయించాల. పది కిలోల దగ్గర 10 గ్రాముల తేడా దాకా వాళ్లు ఒప్పుకుంటారంట, రిపేరు ఆయన చెప్పినాడు. నువ్వు కూడా అంతే ఒప్పుకో.

ఇప్పుడు అంగట్లో నిలబడి ఏం చెయ్యాలో చెప్తా, సిగ్గుపడొద్దు. సంచిలో రెండు కిలోల ఇనప రాయి పెట్టినా, అడుగున సీసం మీద ముద్ర ఉంది. దాన్ని అయిదుసార్లు తగిలించి దించు. అయిదుసార్లూ ఒకే అంకె రావాల. తర్వాత తగిలించి వదిలేసి అంగడోడితో టీ తెప్పించుకుని తాగు. పది నిమిషాలకు అంకె జరిగిందా? దించినాక సున్నాకు తిరిగొచ్చిందా? పెద్ద బరువుకు మన దగ్గర రాయి లేదు కదా, దానికి మీ అవ్వ తక్కెడతో చేసే కిటుకే సరిపోతుంది. రెండు సంచులు, ఒక్కొక్క దాంట్లో ఎనిమిదో పదో కిలోల ఏదైనా సరుకు, విడివిడిగా తూసి కాగితం మీద రాసుకో. ఆమీదట రెండూ కలిపి తగిలించు. కూడికకు పది ఇరవై గ్రాములకు మించి తేడా వస్తే కాటా పైకిపోయే కొద్దీ తప్పుతోందని అర్థం. కూడిక కలిసిందని రాయితో చూడడం మానొద్దు, అన్ని బరువులకూ ఒకే లెక్కన తప్పే కాటాకు కూడా కూడిక కలుస్తుంది.

కొన్నాక ఇంకో తలనొప్పి ఉంది. ఆ కాటాలకు యూనిట్ అని ఒక బటన్ ఉంటుంది. పొరపాటున వేలు తగిలితే కిలోలు పోయి పౌండ్లు వస్తాయి, కొన్నిటిలో చైనావాళ్ల జిన్ వస్తుంది, అది మన అర కిలో. నాలుగు కిలోల చేప ఎనిమిది చూపిస్తుంది. కొనేవాడైతే కళ్లు తిరిగి పడిపోతాడు, అమ్మేవాడైతే దేవుడు కరుణించినాడు అనుకుంటాడు. ప్రతిసారీ అంకె పక్కన ఉండే గుర్తు చూడు.

అంకెను నిలబెట్టే హోల్డ్ బటన్‌ను కూడా నమ్మొద్దు. కొర్రమీను తన్నుకుంటా ఉంటే ఆ ఊపులోనే అంకె నిలిచిపోతుంది, అది నిజం బరువు కాదు. తడిగుడ్డ కప్పితే చేప నెమ్మదిస్తుంది. నువ్వు చేత్తో పట్టుకుని తూస్తే చెయ్యి వణుకుతుంది, సంచి మోకాలికి తగులుతుంది. మూడు కట్టెలు కట్టి దానికి వేలాడదియ్యి, లేకుంటే తుమ్మకొమ్మకు. నీళ్ల మీద ఊగే పుట్టిలో కూర్చుని మాత్రం తూయొద్దు.

వల సంచి తడిసినాకే కాటాకు తగిలించి సున్నా చేసుకో. పొడి సంచికి సున్నా చేసి తడి సంచితో తూస్తే నీళ్లకు కూడా డబ్బులు కడతావు. నువ్వు అమ్మేటప్పుడు చుక్కలు కారడం ఆగినాకే బరువు చెప్పు. అప్పుడు వ్యాపారస్తుడు "నీళ్ల తరుగు" అని ఇంకో కిలో కొయ్యబోతే ఒప్పుకోవాల్సిన పని లేదు, ఎదురుగా మళ్లీ తూసి చూపించు. తరుగు అడగకుండా ఉండడని నాకూ తెలుసు, అయినా చూపించు.

ఎండలో పెట్టొద్దు. లోపల ఉండే లోహపు ముక్క బరువుకు వెంట్రుకవాసి వంగితే, దానికి అంటించిన సన్నతీగ ఆ వంపును అంకెగా మారుస్తుందంట. అంత సున్నితమైనదాన్ని మన అనంతపురం మే నెల ఎండకు రేకు షెడ్డులో వేలాడదీస్తే ఏమవుతుందో నువ్వే చెప్పు. బ్యాటరీ తగ్గినా అంకెలు పిచ్చిగా ఆడతాయి, జేబులో ఒక జత పెట్టుకో.

రాయి మాత్రం నీ దగ్గరే ఉంచుకో, వారానికోసారి కాటాకు తగిలించి చూడు. దాన్ని ఇసుకతో తోమొద్దు, కింద పడెయ్యొద్దు, మూల విరిగితే బరువు మారుతుంది. రెండేళ్లకోసారి దానికీ ముద్ర వేయించాల, మొన్న జనవరిలోనే వేయించినా. సంచిలో రాయి అడుగున ఉంది, పైన జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి. రొట్టెలు నలిగి ఉంటాయి, ఏమనుకోకు. మామకు నాలుగు ఇవ్వు.

మీ అమ్మ