మా నేల ఎలాంటిదో ఒక్కసారి చూసి చెప్పండి: పురపాలక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయ పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

అయ్యా, ఇది నా నాలుగో విన్నపం. ముందటి మూడింటినీ సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో వరుసలో నిలబడి ఇచ్చాను, రసీదులు తీసుకున్నాను. మూడుసార్లూ కొన్నాళ్లకు ఫోన్‌కు మెసేజ్ వచ్చింది, మీ అర్జీ పరిష్కరించబడింది అని. మూడో మెసేజ్ వచ్చిన రోజుకు వాన వెలిసి ఆరు రోజులైంది. మా ఇంటి ముందు ఇంకుడు గుంతలో ఇసుక మీద జానెడు నీళ్లు అలాగే నిలబడి ఉన్నాయి. ఏం పరిష్కరించారో నాకు ఇప్పటికీ తెలియదు. అందుకే ఇక నలుగురూ చదివేలా మీకే రాస్తున్నాను.

ఈ ఇంకుడు గుంతల పథకం గురించి మీకు నేను చెప్పాల్సిందేమీ లేదు. నీరు, భూమి, చెట్ల కోసం తెచ్చిన 2002 వాల్టా చట్టం మీకు తెలుసు, ప్లానులో ఇంకుడు గుంత గీయకపోతే ఏమవుతుందో తెలుసు. నేను దానికి వ్యతిరేకిని కాను. మా వీధిలో రెండు బోర్లు ఎండిపోవడం కళ్లారా చూశాను. డాబా మీద పడ్డ ప్రతి చుక్కా భూమిలోకే పోవాలని కోరుకునేవాణ్ణి. నా బాధల్లా ఒకటే. గుంత తవ్వమన్నవాళ్లు, తవ్వించినవాళ్లు, కొలిచినవాళ్లు, ఫోటో తీసినవాళ్లు ఇంతమంది వచ్చారు గదా, వీళ్లలో ఒక్కరు కూడా అక్కడ మట్టి ఏమిటో చూడలేదు.

మాది గుంటూరు జిల్లా. ఊరి చివర, ఒకప్పుడు పత్తి, మిరప పండిన చేలో వేసిన లేఅవుట్. నాది 200 గజాల ప్లాటు, ముప్పై బై అరవై. పైన రెండడుగులు ఎర్ర గ్రావెల్ తోలి మెరక చేశాం గనక చూసేవాళ్లకు గట్టి నేలలా ఉంటుంది. గ్రావెల్ తీస్తే కింద అంతా నల్లరేగడి. వేసవిలో చెయ్యి దూరేంత బీటలు తీస్తుంది. తడిస్తే ఉబ్బి, ఆ బీటలన్నీ మూసుకుపోయి జిగట ముద్దవుతుంది. ఆ తర్వాత నీళ్లు దిగడం దాదాపు ఆగిపోతుంది. రైతులకు ఇది కొత్త సంగతి కాదు. తేమను పట్టి ఉంచుతుందనే గదా పత్తికి ఈ నేల మంచిదంటారు. నీళ్లను వదలని మట్టి మధ్యలో గుంత తీసి, నీళ్లు ఇంకిపోతాయని ఎలా అనుకున్నారో నాకు అర్థం కాదు.

ఇంటి పునాదికి మాత్రం మట్టి చూశారు. నల్లరేగడి కాబట్టి మామూలు పునాది ఆగదన్నారు. అండర్ రీమ్డ్ పైల్స్, అంటే లోతుకు దిగి అడుగు భాగంలో ఉబ్బెత్తుగా ఉండే కాంక్రీటు స్తంభాలు వేయించుకోమన్నారు. అప్పు ఎక్కువైనా పన్నెండు అడుగుల లోతుకు పైల్స్ వేయించాను. తడిస్తే ఉబ్బే నేల, జాగ్రత్త అని చెప్పిన ఇంజినీరింగే, ఆ పునాదికి మూడడుగుల అవతల గుంత తీసి డాబా నీళ్లన్నీ అందులోకి వదలమంది. గుంత కొలతలు నాలుగు బై నాలుగు, లోతు అయిదడుగులు. అడుగున పెద్ద రాళ్లు, పైన 40 ఎంఎం కంకర, ఆపైన 20 ఎంఎం, మీద ఇసుక. మా వీధిలో అందరికీ ఇదే కొలత. అవతలి వీధిలోనూ ఇదే.

లెక్క నేనే వేసుకున్నాను, తప్పుంటే మీ ఇంజినీర్లు దిద్దాలి. మా డాబా వెయ్యి చదరపు అడుగులు. అయిదు సెంటీమీటర్ల వాన పడితే దాని మీద నుంచి దాదాపు 4,600 లీటర్లు దిగుతాయి. గుంత మొత్తం 2,260 లీటర్లు పడుతుంది గానీ అందులో రాళ్లూ కంకరా నిండి ఉన్నాయి. సందుల్లో నీటికి మిగిలేది నూటికి నలభై వంతులనుకుంటే 900 లీటర్లు. అంటే ఒక సెంటీమీటరు వానకే గుంత నిండిపోతుంది. నిండినా పర్వాలేదు, త్వరగా ఇంకితే చాలు. ఇసుక నేలలో గంటకు 30 మిల్లీమీటర్లకు పైగా నీరు దిగుతుంది. బంకమట్టిలో దిగేది గంటకు 1 నుంచి 5 మిల్లీమీటర్లు. అయిదే వేసుకున్నా మా గుంత అడుగు నుంచి గంటకు పోయేది ఏడున్నర లీటర్లు. 900 లీటర్లు పోవడానికి అయిదు రోజులు పడుతుంది. ఒక మిల్లీమీటరే దిగితే ఇరవై అయిదు రోజులు. పక్క గోడల నుంచి కొంత పోతుందంటారు, నిజమే, కానీ గ్రావెల్ కింద ఆ గోడలూ ఇదే మట్టి. ఈలోగా మళ్లీ వాన రాకుండా ఉంటుందా? 2024 ఆగస్టు 31న మొదలై సెప్టెంబర్ 1న కూడా పడ్డ వాన మీకు గుర్తుండే ఉంటుంది. ఆ రోజుల్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగింది. అంత పెద్ద ఆపదలో మా గుంత గురించి చెప్పుకోవడానికి అప్పుడు నాకే నోరు రాలేదు. కానీ ఆ రెండు రోజులూ డాబా నీళ్లు గుంతలో పట్టక, పైకి పొర్లి, ప్రహరీ మొదట్లోకే దిగాయి.

తనిఖీ సంగతి కూడా చెప్పాలి. 2023 మే నెలలో, ఎండలు మండిపోతున్నప్పుడు సిబ్బంది వచ్చారు. టేపు పెట్టి గుంత కొలిచారు. అప్పటికి ఇంకా కంకర నింపలేదు. నేనే అడిగాను, సార్, నీళ్లు ఇంకుతాయో లేదో ఒకసారి చూడరా అని. ఒక బకెట్ నీళ్లు తెప్పించి పోశారు. రెండు నిమిషాల్లో నీళ్లు మాయమయ్యాయి. బాగా ఇంకుతోంది అని రాసుకుని, ఫోటో తీసుకుని వెళ్లిపోయారు. అయ్యా, ఆ నీళ్లు ఇంకలేదు. ఎండకు విచ్చుకున్న బీటల్లోకి జారిపోయాయి. ఆ బీటలు తొలకరికి మూసుకుపోతాయి. నల్లరేగడిలో నీరు ఇంకే తీరు కొలవాలంటే ముందురోజే గుంత నింపి, మట్టి నానిన తర్వాత, మర్నాడు మళ్లీ నీళ్లు పోసి గంటకు ఎంత తగ్గిందో స్కేలు పెట్టి చూడాలి. మే నెల బకెట్ నీళ్లతో రాసిన ఆ ఒక్క మాట మీదే మా ఇంటికి అన్నీ నడిచాయి. నేనెన్ని అర్జీలు పెట్టినా ఆ మాటే జవాబుగా వచ్చింది. తనిఖీలో నీరు ఇంకుతున్నట్టు నమోదైంది, కాబట్టి సమస్య లేదట.

జూలైలో మొదటి గట్టి వాన పడింది. గుంత నిండింది, దిగలేదు. రెండేళ్లు తిరిగేసరికి ప్రహరీ గోడ మధ్యలో పైనుంచి కిందికి పగిలింది. వరండా గచ్చు ఉబ్బింది. పైల్స్ మీద ఉన్న ఇల్లు నిలబడింది గానీ నేల మీద పరిచిన గచ్చు ఎలా ఆగుతుంది? ముందు గదిలో టైల్స్ లేచాయి. వీధి తలుపు గచ్చుకు తగిలి వానాకాలం అంతా సగమే తెరుచుకుంటుంది. డెబ్బై దాటిన మా అమ్మ చేతికర్రతో ఆ సందులోంచి పక్కకు తిరిగి బయటికి రావాలి. ఎండాకాలం మట్టి కుదించుకున్నాక తలుపు మామూలుగా తెరుచుకుంటుంది. అప్పుడు వచ్చి చూసినవాళ్లకు తలుపు బాగానే ఉంది.

పక్కింటి పిన్నిగారి గోడ కూడా పగిలింది. మా గుంత ఆ గోడకు రెండడుగుల దూరంలో ఉంది. మూడు వైపులా ఇళ్లు ఆనుకుని ఉన్న 200 గజాల ప్లాటులో ఎవరి పునాదికీ తగలకుండా గుంత తీయాలంటే చోటు ఎక్కడుంది? పిన్నిగారు నన్నేమీ అనలేదు. కానీ సంక్రాంతికి ఆ ఇంటి నుంచి అరిసెలు రావడం ఆగిపోయింది. గోడ మరమ్మతు సగం ఖర్చు నేను పెట్టుకుంటానన్నాను. గుంత అలాగే ఉంటే గోడ మళ్లీ పగలదా నాయనా అని అడిగారు. జవాబు చెప్పలేకపోయాను. ఆ ప్రశ్నకు మీ శాఖ దగ్గరైనా జవాబు ఉందా?

ఇప్పుడు నేనున్న ఇరకాటం చూడండి. శుక్రవారం డ్రై డే, అంటే ఎక్కడా నీళ్లు నిలవ లేకుండా చూసే రోజు అని ఆరోగ్య సిబ్బంది వస్తారు. గుంతలో నీళ్లు చూసి దోమలు పెంచుతున్నారా అని మందలిస్తారు. పోయిన వానాకాలం మా చిన్నవాడికి డెంగీ వచ్చింది. ఆ దోమ ఈ గుంతదేనని నేను నిరూపించలేను, ఆ టెన్షన్ మాత్రం మా ఇంట్లో ఎవరికీ తగ్గలేదు. సరే, గుంత పూడ్చేస్తానంటే ప్లానింగ్ వాళ్లు నోటీసు ఇస్తామంటారు. పోనీ, పొర్లిన నీళ్లు వీధి కాలువలోకి పోయేలా పైపు వేసుకుంటానంటే వాన నీళ్లు రోడ్డు మీదికి వదలకూడదంటారు. అసలు వదలాలన్నా ఎలా? సీసీ రోడ్డు మీద మళ్లీ సీసీ వేసి మా గేటు కంటే అరడుగు ఎత్తు చేశారు. కాలువ వీధి చివరి దాకా ఉంది, ఆ తర్వాత లేదు. పొలంగా ఉన్నప్పుడు అక్కడ వాన నీళ్లు లాగే బోదె ఒకటి ఉండేది. లేఅవుట్ వేసినవాళ్లు దాన్ని పూడ్చారు, అనుమతి ఇచ్చినవాళ్లు చూసుకోలేదు. పూడ్చకూడదు, ఉంచకూడదు, బయటికి వదలకూడదు. మరి నన్నేం చేయమంటారు?

2022 ఏప్రిల్‌లో విడిపోక ముందు ఉమ్మడి గుంటూరు జిల్లా ఎలాంటిదో ఒక్కసారి తలుచుకోండి. బాపట్ల తీరంలో ఇసుక, ఎన్ని నీళ్లు పోసినా తాగేస్తుంది, అక్కడ ఇంతకంటే చిన్న గుంత చాలు. తెనాలి, రేపల్లె వైపు డెల్టా. వానాకాలం కొద్ది అడుగులు తవ్వితే కింది నుంచే నీళ్లు ఊరే చోట్లున్నాయి, గుంత ముందే నిండి ఉంటే డాబా నీళ్లు ఎక్కడికి పోతాయి? పల్నాడులో కొన్నిచోట్ల పలుగు దిగకుండా నాపరాయి తగులుతుంది. నడుమ మా నల్లరేగడి. ఇన్ని రకాల నేలకు ఒకే బొమ్మ, ఒకే కొలత గీసి ఇస్తే ఎక్కడో ఒకచోట నాలాంటివాడు ఇరుక్కోక తప్పదు.

మా నాన్నగారు ఉన్నప్పుడు ఎకరంన్నర పొలానికి భూసార పరీక్ష కార్డు ఇచ్చారు. చేలో అక్కడక్కడా మట్టి తీసి కలిపి, సంచిలో కట్టి, ల్యాబ్‌కు పంపి, ఏ ఎరువు ఎంత వేయాలో రాసి ఇచ్చారు. పంట కోసం అంత చేసిన ప్రభుత్వం, అదే నేల మీద బతుకంతా కూడబెట్టి ఇల్లు కట్టుకుంటుంటే ఒక గుప్పెడు మట్టి పట్టి చూడలేదా? పెద్ద యంత్రాలు అక్కర్లేదు. తడి మట్టి చేతిలో నలిపి పురికోసలా తాడు చేస్తే తెగకుండా సాగిందంటే బంక ఎక్కువని మేస్త్రీలే చెబుతారు. గాజు సీసాలో మట్టి, నీళ్లు పోసి కలిపి పెడితే ఇసుక నిమిషంలో అడుక్కి చేరుతుంది, బంకమట్టి మర్నాటికీ నీళ్లను తేరనివ్వదు. ఆ తర్వాత నానబెట్టిన గుంతలో నీటి పరీక్ష. రెండు రోజుల పని. గుంటూరు పక్కనే లాంలో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది, మట్టి గురించి తెలిసినవాళ్లు అక్కడ ఎంతోమంది ఉన్నారు. ఒక్క మాట అడగకూడదా?

ఇంకని నేల అని తేలితే ఇంటివాళ్లకు వేరే దారి చూపించండి. నేనైతే డాబా నీళ్లను వడకట్టి సంపులో నిలవ చేసుకుంటాను, మొక్కలకు, బట్టలకు, బాత్‌రూమ్‌కు వాడుకుంటాను. సంపు తవ్వే ఖర్చు నాదే. అది ఇంకుడు గుంత కిందికి రాదని మాత్రం అనకండి. సంపు నిండాక పొర్లే నీటికి కాలువ కావాలి, ఆ కాలువకు ఒక చివర కావాలి. ఆ బోదెను తిరిగి తీయించండి. వీధిలో అందరి నీళ్లూ కలిపి ఊరి చెరువుకు చేరిస్తే అక్కడ ఇంకుతుందో నిలుస్తుందో చెరువే చూసుకుంటుంది. ఇవన్నీ ఒక్కరోజులో కావని నాకు తెలుసు. కనీసం మా గుంతను పూడ్చుకోనివ్వండి. కనీసం నోటీసు ఇవ్వబోమని ఒక మాట చెప్పండి. కనీసం ఒక మనిషిని పంపండి.

అయ్యా, నాకు కోపం లేదని అబద్ధం చెప్పను. మూడుసార్లు పరిష్కరించబడింది అని చదివినవాడికి కోపం ఎందుకు రాదు? అయినా మీ చేతుల్లోనే ఉంది గనక అడుగుతున్నాను. ఈశాన్య రుతుపవనాల వానలు మొదలయ్యే లోపు మట్టి తెలిసిన ఇంజినీరును ఒకరిని మా ఇంటికి పంపించండి. బకెట్ వద్దు, స్కేలు తెమ్మనండి. వచ్చే తారీఖు ఒకరోజు ముందు ఫోన్ చేసి చెబితే చాలు, పక్కనే పలుగుతో కొత్త గుంత తీసి, సాయంత్రానికల్లా నీళ్లు నింపి నానబెట్టి ఉంచుతాను.

ఇట్లు,
విధేయుడు,
నల్లరేగడి మీద ఇల్లు కట్టుకున్న ఒక పౌరుడు,
గుంటూరు జిల్లా.