పాత ఆటలు ఫోన్లోకి వచ్చినప్పుడు అభిమానుల కోపం దేనిమీద ఉండాలి?

సంపాదకుల వారికి,

నమస్కారం. పాత వీడియో గేమ్‌లు మొబైల్ ఫోన్లలోకి రావడం గురించి ఇటీవల మీ పత్రిక సాంకేతిక పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. చిన్ననాటి ఆటను ఎవరు ముట్టుకున్నా అభిమానులు కోపగించుకుంటారనీ, కంపెనీలు ఏం చేసినా వారికి తృప్తి ఉండదనీ ఆ వ్యాసం తేల్చేసింది. ఈ మాటతో నేను ఏకీభవించలేను. అభిమానుల అభ్యంతరాలన్నింటినీ ఒకే గాటన కట్టకూడదు. వాటిలో కొన్ని ఆట తయారుచేసేవారు శ్రద్ధగా వినవలసినవి. ఒకటి మాత్రం, అన్నిటికంటే గట్టిగా వినిపించిన ధర గొడవ, అన్యాయమైనది. నింటెండో కంపెనీ ఫోన్లకు ఇచ్చిన ‘సూపర్ మారియో రన్’ ఆట విషయంలో జరిగినదాన్ని కొంత వివరంగా చెబితే నా అభిప్రాయం స్పష్టమవుతుంది.

జపాన్‌లో 1985 సెప్టెంబరులో విడుదలైన ‘సూపర్ మారియో బ్రదర్స్’ను, అంటే మారియో అనే పాత్రను పరుగెత్తిస్తూ దూకించే ఆటను, నింటెండో కంపెనీ మూడు దశాబ్దాలపాటు ప్రధానంగా తన సొంత యంత్రాలకే పరిమితం చేసింది. ఫోన్లకు ఆటలు ఇవ్వబోమని చాలాకాలం పట్టుబట్టిన ఆ కంపెనీ, 2015 మార్చిలో అధ్యక్షుడు సతోరు ఇవాతా ఆధ్వర్యంలో డీఎన్ఏ అనే మొబైల్ సంస్థతో ఒప్పందం కుదుర్చుకుంది. ఆ జులైలోనే ఇవాతా కన్నుమూశారు. మరుసటి ఏడాది సెప్టెంబరు 7న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆపిల్ వేదిక మీదికి మారియో సృష్టికర్త షిగెరు మియామోతో స్వయంగా వచ్చి ‘సూపర్ మారియో రన్’ అనే కొత్త ఆటను ప్రకటించినప్పుడు అభిమానుల ఆనందానికి అవధుల్లేవు. డిసెంబరు 15న అది ఐఫోన్లలోకి వచ్చింది. నాలుగు రోజుల్లో 4 కోట్ల డౌన్‌లోడ్లు జరిగాయి. అదే నాలుగు రోజుల్లో యాప్ స్టోర్‌లో ఒక్క నక్షత్రం ఇచ్చిన సమీక్షలు కుప్పలుగా పడ్డాయి, సగటు రేటింగ్ రెండున్నర దరిదాపుల్లో తిరిగింది, నింటెండో షేరు ధర పడిపోయింది.

ఆ ఒక్క నక్షత్రాల్లో ఎక్కువ భాగానికి కారణం ధర. అప్పట్లో మొదటి మూడు స్టేజీలూ, నాలుగోదాన్ని కొద్ది క్షణాలపాటు రుచి చూసే అవకాశమూ ఉచితంగా ఉండేవి. మిగిలిన ఆట మొత్తం కావాలంటే ఒకేసారి 9.99 డాలర్లు, మన లెక్కలో ఆనాటికి ఆరు వందల రూపాయలకు పైమాట, చెల్లించవలసి ఉండేది. అలా చెల్లించినవారికి దక్కింది ఆరు ప్రపంచాలు, 24 స్టేజీలు. ఒక్కో స్టేజీలో అయిదు గులాబీ నాణేలు దాచి ఉంటాయి. అవన్నీ ఏరుకుంటే అదే స్టేజీలో ఇంకా కష్టమైన చోట్ల ఊదారంగు నాణేలు వస్తాయి. వాటిని కూడా సాధిస్తే మరీ దుర్గమమైన చోట్ల నల్లనాణేలు వస్తాయి. ఒకే దారిని మూడు రకాలుగా చదువుకోవలసిన ఈ అమరికలో పాత మారియో ఆటల పనితనం నాకు స్పష్టంగా కనిపించింది. మధ్యలో ప్రకటనలు రావు. ఒకసారి డబ్బు కట్టాక మళ్లీ చేయి చాచడం ఉండదు.

అభిమానుల అభ్యంతరాల్లో న్యాయమైనవాటి సంగతి ముందు చెబుతాను. మారియో తనంతట తానే పరుగెత్తడం, మనం వేలితో తాకి దూకించడం మాత్రమే చేయగలగడం పాత ఆటగాళ్లకు మింగుడుపడలేదు. దీన్ని చాదస్తమని కొట్టిపారేయడానికి వీల్లేదు. ఈ జాతి ఆటలకు ప్రాణం దూకడంలోనే ఉంది. 1985 నాటి ఆటలో బటన్‌ను తట్టి వదిలితే చిన్న గెంతు, నొక్కి పట్టుకుంటే పెద్ద గెంతు; గాలిలో ఉండగానే దిశ కొంచెం మార్చుకోవచ్చు; పరుగు వేగాన్ని బట్టి ఎంత దూరం పోయి పడతామో మారుతుంది. ఇదంతా ఆటగాడు తెర మీద నుంచి చూపు తిప్పకుండా చేయగలిగేవాడు, ఎందుకంటే అడ్డంగా నిలువుగా పొడుచుకొచ్చిన ఆ బటన్ల అంచులు బొటనవేలికి తెలిసేవి. ఫోన్ అద్దానికి అంచులు లేవు. తెర మీద గీసిన బాణాల గుర్తుల నుంచి బొటనవేలు ఇంత పక్కకు జారినా చేతికి తెలియదు, మారియో గోతిలో పడ్డాక కంటికి తెలుస్తుంది. పైగా ఆ బొటనవేలే తెరలో కొంత భాగాన్ని కప్పేస్తుంది.

ఈ ఇబ్బందిని పట్టించుకోకుండా పాత ఆటను ఉన్నదున్నట్టు ఫోన్‌లో దింపితే ఏమవుతుందో 2017 జనవరిలో క్యాప్‌కామ్ విడుదల చేసిన మెగామ్యాన్ ఆరు ఆటలు చూపించాయి. కచ్చితమైన క్షణంలో దూకి కాల్చవలసిన ఆ ఆటల్లో బొమ్మ తడబడుతూ కదలడం, అద్దం మీది బటన్లు మాట వినకపోవడం చూసి అభిమానులు నిరాశ చెందారు, చెందడం సబబే. మారియో బృందం అలా చేయలేదు. ఫోన్‌కు తగ్గట్టుగా ఆటనే మార్చి కట్టింది. చిన్న అడ్డంకులను మారియో తనే దాటేస్తాడు. శత్రువు మీదుగా అలా దాటుతున్న ఆ అరక్షణంలో మనం తాకితే ఇంకా పైకి ఎగురుతాడు. కొన్ని చోట్ల పెట్టిన పాజ్ బ్లాకుల మీద నిలబడి, మనం తాకేదాకా కదలకుండా ఆగుతాడు. తాకే వ్యవధిని బట్టి గెంతు ఎత్తు మారడం మాత్రం 1985 నుంచి వచ్చినదే. పరుగు మీద అదుపును వదులుకుని గెంతును కాపాడుకున్న ఈ నిర్ణయం సరైనదని నా దృఢాభిప్రాయం, అయినా వ్యతిరేకించినవారి బాధ నాకు అర్థమవుతుంది.

ఇక రెండో అభ్యంతరం ఇంతకంటే బలమైనది. ఈ ఆట ఆడాలంటే ఫోన్‌కు ఎప్పుడూ నెట్ ఉండి తీరాలి. దొంగ ప్రతులను అడ్డుకోవడానికీ, ఆటలోని మూడు విభాగాలను ఒకదానితో ఒకటి కలిపి ఉంచడానికీ ఇది అవసరమని మియామోతో అప్పట్లో వివరించారు. కానీ రైల్లో ఒక చేత్తో పట్టీ పట్టుకుని రెండో చేత్తో ఆడుకోవచ్చన్నదే ఈ ఆటకు చెప్పిన పెద్ద సుగుణం. ఆ రైలు సొరంగంలోకి వెళ్లగానే ఆట ఆగిపోతే, డబ్బు కట్టినవాడు మోసపోయినట్టు భావించడంలో తప్పేముంది? ఊరు దాటితే సిగ్నల్ తెగిపోయే మన ప్రయాణాల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఈ విషయంలో అభిమానులు మరింత గట్టిగా అడిగి ఉండవలసింది. ధర మీద చెలరేగిన గొడవలో ఈ న్యాయమైన ఫిర్యాదు వెనకబడిపోయిందన్నదే నా బాధ.

ధర విషయానికి వస్తాను. సూపర్ మారియో రన్ రావడానికి సుమారు నెల ముందు, 2016 నవంబరులో, నింటెండో టీవీకి తగిలించి ఆడే తన పాత ఎన్ఈఎస్ యంత్రాన్ని అరచేతిలో పట్టేంత చేసి, 30 పాత ఆటలతో 59.99 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. అమెరికాలో అది దుకాణాలకు వచ్చీ రాగానే ఖాళీ అయిపోయింది, తర్వాత చాలామంది అసలు ధరకు ఎంతో ఎక్కువ పెట్టి చేతులు మారిన యంత్రాలను కొన్నారు. అంటే పాత ఆటల మీద డబ్బు పెట్టడానికి అభిమానులకు మనసు లేక కాదు. ఫోన్‌లో ఉండేది ఏదైనా ఉచితంగానే రావాలన్న అలవాటు అప్పటికే స్థిరపడిపోయింది. మన ప్రాంతంలో ఈ అలవాటుకు ఇంకో మూలం కూడా ఉంది. తొంభైలలో మన పట్టణాల్లో మారియోను పరిచయం చేసినవి నింటెండో యంత్రాలు కావు. వాటికి నకలుగా తయారై, వందల ఆటలున్నాయని అట్ట మీద రాసుకున్న క్యాసెట్లతో వచ్చిన టీవీ గేములు. గంటకింత అని పార్లర్లో ఇచ్చాము, యంత్రానికి దుకాణంలో ఇచ్చాము, ఆట తయారుచేసినవారికి మాత్రం మనం ఎన్నడూ పైసా చెల్లించలేదు. అందువల్ల ఆరు వందల రూపాయలు మన ఇళ్లలో బరువుగా తోచడం సహజమే, ఆ బరువును నేను తక్కువ చేసి మాట్లాడటం లేదు. బరువని చెప్పి కొనకుండా ఊరుకోవడం వేరు. ధర ముందుగా, స్పష్టంగా, ఒక్కసారిగా చెప్పినందుకు ఆ ఆటను మోసమని రాసి ఒక్క నక్షత్రం ఇవ్వడం వేరు.

2017 జనవరి చివరికి డౌన్‌లోడ్లు 7.8 కోట్లకు చేరితే, డబ్బు కట్టినవారు 5 శాతానికి కాస్త పైన మాత్రమే. డౌన్‌లోడ్ల సంఖ్య 20 కోట్లకు చేరిన తర్వాత కూడా తాము ఆశించిన లాభం రాలేదని నింటెండోయే చెప్పుకుంది. ఈలోగా 2017 ఫిబ్రవరిలో అదే కంపెనీ ‘ఫైర్ ఎంబ్లమ్ హీరోస్’ను ఉచితంగా విడుదల చేసింది. అందులో పాత్రలను లాటరీ పద్ధతిలో తీసుకోవాలి. కోరుకున్న పాత్ర వచ్చేదాకా మళ్లీ మళ్లీ డబ్బు పెట్టవచ్చు. సూపర్ మారియో రన్ కంటే ఎంతో తక్కువ మంది ఆడిన ఈ ఆట ఆదాయంలో దాన్ని దాటిపోయింది. 2019 సెప్టెంబరులో ‘మారియో కార్ట్ టూర్’ వచ్చేసరికి మారియో కూడా ఆ దారిలోకే వచ్చేశాడు. తెర మీద ఒక పచ్చని గొట్టం. ఆటలో డబ్బులా చెల్లే రూబీలు అయిదు ఇస్తే అది ఒక్కసారి పేలి ఒక డ్రైవరునో, బండినో విసిరేది. 45 ఇస్తే పదిసార్లు పేలేది. ఏం పడుతుందో పేలేదాకా తెలిసేది కాదు. రూబీలు అయిపోతే కొనుక్కోవలసి వచ్చేది. దీనికి తోడు నెలకు 4.99 డాలర్ల గోల్డ్ పాస్ ఒకటి. భోజనం ధర బోర్డు మీద రాసిపెట్టిన హోటల్‌ను తిట్టి లేచి వెళ్లి, గరిటెకింత అని లెక్కగట్టే హోటల్లో కూర్చున్నట్టు అయింది అభిమానుల పరిస్థితి.

ఫోన్ ఆటల్లో లాటరీ పద్ధతి జపాన్‌లో అంతకుముందు నుంచే వేళ్లూనుకుంది కనుక, దానికంతటికీ సూపర్ మారియో రన్ మీద వచ్చిన విమర్శలే కారణమని నేను అనను. కానీ ఆ పద్ధతికి దూరంగా నిలబడగల ఆర్థిక శక్తీ, పేరుప్రతిష్ఠలూ ఉన్న ఒక కంపెనీ మరో దారి ప్రయత్నించినప్పుడు, దానికి అండగా నిలవవలసిన పాత అభిమానులే దాన్ని పడగొట్టారు. తర్వాత బెల్జియం ప్రభుత్వం, లోపల ఏముందో తెలియకుండా డబ్బు పెట్టి కొనే ఇలాంటి లాటరీ పెట్టెలను జూదంగా పరిగణించడంతో 2019 ఆగస్టులో నింటెండో అక్కడ ‘ఫైర్ ఎంబ్లమ్ హీరోస్’నూ, ‘యానిమల్ క్రాసింగ్: పాకెట్ క్యాంప్’నూ ఆపేసింది. 2022లో మారియో కార్ట్ టూర్ నుంచి ఆ పచ్చ గొట్టాన్ని తొలగించి, కావలసినదాన్ని చూసి కొనుక్కునే దుకాణం పెట్టింది. 2024 డిసెంబరులో పాకెట్ క్యాంప్‌ను ఒకేసారి ధర చెల్లించి, నెట్ లేకుండా కూడా చాలావరకు ఆడుకునే ఆటగా మళ్లీ ఇచ్చింది. 2016లో ఏ పద్ధతిని అభిమానులు వద్దన్నారో ఎనిమిదేళ్ల తర్వాత దానికే స్వాగతం పలికారు.

అభిమానుల పట్టుదల ఆటలకు ఎంత మేలు చేయగలదో చెప్పే ఉదాహరణ కూడా ఉంది, మీ వ్యాసంలో దాని ప్రస్తావన లేకపోవడం నాకు లోటుగా తోచింది. సెగా కంపెనీవారి సోనిక్ మొదటి ఆట ఐఫోన్‌లో 2009లో వచ్చినప్పుడు కదలిక సాఫీగా లేక అందరూ పెదవి విరిచారు. క్రిస్టియన్ వైట్‌హెడ్ అనే ఆస్ట్రేలియా అభిమాని పెదవి విరిచి ఊరుకోలేదు. సొంతంగా రాసుకున్న ఇంజిన్ (ఆటను నడిపించే సాఫ్ట్‌వేర్) మీద ‘సోనిక్ సీడీ’ని ఫోన్‌లో నడిపించి, ఆ వీడియోను అందరికీ చూపించాడు. సెగా అతనికే ఆ పని అప్పగించింది. 2011లో సోనిక్ సీడీ, 2013లో మొదటి రెండు సోనిక్ ఆటలూ అతని ఇంజిన్ మీద ఫోన్లలోకి వచ్చాయి. వెడల్పాటి తెరకు తగ్గట్టు దృశ్యం విస్తరించింది, కదలిక నునుపుగా మారింది, 1992లో రెండో ఆట నుంచి తీసేసిన హిడెన్ ప్యాలెస్ అనే భాగం కూడా తిరిగి చేరింది. ఆట ఎక్కడ తడబడుతోందో వేలు పెట్టి చూపించిన ఫిర్యాదు అది. అందుకే దానికి ఫలితం దక్కింది.

మీ పత్రికకు నా విన్నపం ఒక్కటే. ఫోన్లలోకి వచ్చే ఆటల గురించి రాసేటప్పుడు రేటింగ్ అంకె ఒక్కటే అచ్చువేయకుండా, ఆ ఆట డబ్బు ఒకేసారి తీసుకుంటుందా లేక ఆడుతున్నకొద్దీ అడుగుతుందా, కొనేది ఏమిటో ముందే కనిపిస్తుందా లేక లాటరీలా తగలాలా, నెట్ లేకపోతే ఆడుకోవచ్చా, ప్రకటనలు ఉంటాయా అన్న సంగతులను తప్పకుండా పేర్కొనండి. పిల్లల చేతికి ఫోన్ ఇచ్చే తల్లిదండ్రులకు ఈ వివరాలు తెలుగులో దొరికే చోటు ఇప్పుడు దాదాపు లేదు. వీలైతే పాత ఆటలను కొత్తగా పరిచయం చేసే వ్యాసాలను, వాటిని చిన్నప్పటి నుంచి ఆడుతూ వచ్చినవారి చేత రాయించండి. గెంతు ఎక్కడ తప్పుతోందో, ఆట ఏ చోట డబ్బు అడగడం మొదలుపెడుతుందో వారికి తెలిసినంత వివరంగా మరొకరికి తెలియదు.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
రాజమహేంద్రవరం